బత్తాయి తోటలో హాష్ చెయిన్: ఏడో రోజు తెల్లారుజామున ఏమైందంటే

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున ఐదుంపావుకి నాన్న ఫోన్. ఆ టైంకి ఫోనొచ్చిందంటే ఊళ్ళో ఎవరికో ఏదో అయ్యిందని గుండె జారిపోతది కదా, ఎత్తగానే ఆయన "బిడ్డా, నీ డబ్బాలు ఒక్కటి కూడ తెరుస్తలేవు, మోటరేమో నడుస్తుంది, మూడో గేట్ వాల్ కాడ జాయింటు ఊడి నీళ్లన్నీ బాట మీదికి పోతున్నయ్, ఏం జేయమంటవ్?" అన్నాడు. మోటర్ బంద్ చెయ్యి నాన్నా అని చెప్పి లాప్‌టాప్ తెరిచి కూర్చున్నా. పది నిమిషాల్లో దొరికింది తప్పు, దొరికాక నన్ను నేనే తిట్టుకున్నా, ఎందుకంటే అది కోడ్‌లో బగ్గు కాదు, మూడో తరగతి భాగహారం. అక్కడికి వస్తా, ముందు ఈ డబ్బాల కథ చెప్పాలి.

మాకు నల్గొండ వైపు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. డ్రిప్పు ఉంది, ఎనిమిది చోట్ల వాల్వులు. నాన్నకి మోకాళ్ళ నొప్పి, పొద్దున్నే చీకట్లో ఆ ఎనిమిది వాల్వులూ తిరిగి తిప్పి రావడం కష్టమైపోతోందని, నేను పుట్టిందే ఎంబెడెడ్ పని చెయ్యడానికి అన్నట్టు తక్కువ కరెంటుతో చాలా దూరం మాట్లాడే లోరా రేడియో బోర్డులు ఎనిమిది తెచ్చి ఒక్కోదానికి కరెంటుతో తెరుచుకునే ఒక సోలినాయిడ్ వాల్వు, చిన్న సోలార్ ప్లేటు, బ్యాటరీ పెట్టి డబ్బాల్లో బిగించా. బోరు దగ్గర షెడ్డులో ఒక పెద్ద డబ్బా, అదే పంపేది. "2, 3, 5 తెరువు, మిగతావి మూయి" అని ఒక్క మెసేజ్ గాల్లోకి వదుల్తది, ఎనిమిదీ వింటాయి.

మొదటి వెర్షన్‌లో భద్రత సున్నా. తోటలో దొంగతనంగా నీళ్ళు వదిలేవాడు ఎవడుంటాడులే అనుకున్నా. ఆఫీసులో ఒక ఫ్రెండ్ నవ్వాడు, "నీ మెసేజ్ రికార్డ్ చేసి మళ్ళీ పంపిస్తే?" అన్నాడు. ఇంకో బోర్డుతో చేసి చూశా, ఇరవై లైన్ల కోడు, అంతే, ఎనిమిది వాల్వులూ టకటకా తెరుచుకున్నాయి.

సరే అని రెండో వెర్షన్‌లో అందరికీ ఒకే సీక్రెట్ కీ పెట్టి హెచ్‌మ్యాక్ వేశా, పాత మెసేజ్ మళ్ళీ వస్తే పట్టుకోవడానికి ఒక కౌంటర్ కూడా. పంపేవాడు మెసేజ్‌ని కీతో కలిపి హాష్ చేసి (వెనక్కి తిప్పలేని ఒక లెక్క, తర్వాత చెప్తా) ఒక ముద్ర తగిలిస్తాడు, వినేవాడు అదే కీతో అదే ముద్ర వేసుకుని సరిచూస్తాడు. బానే నడిచింది, రెండు నెలల తర్వాత రోడ్డు పక్కనున్న ఆరో డబ్బా ఎవరో పీక్కుపోయేదాకా. పీకినోడికి బ్యాటరీ కోసమే అని నాకూ తెలుసు. కానీ ఆ చిప్‌లో ఫ్లాష్ మెమరీ, అంటే కీ దాచిన చోటు, చదవడం నాకు ఐదు నిమిషాల పని, అంటే ఇంకొకడికీ అంతే. ఆ కీ ఉన్నవాడు మిగతా ఏడింటికీ యజమాని అయిపోతాడు. ముద్ర సరిచూడగలిగిన ప్రతివాడూ ముద్ర వెయ్యగలడు, ఉమ్మడి కీతో వచ్చే తిప్పలు ఇదే. ఒకడు మాట్లాడి పదిమంది వినే చోట ఇది అస్సలు పనికిరాదు.

డిజిటల్ సంతకం వాడొచ్చు కదా అంటారు. పంపేవాడి దగ్గర ప్రైవేటు కీ, వినేవాళ్ళ దగ్గర పబ్లిక్ కీ, సమస్యే లేదు. కానీ సంతకం ఒక్కటే 64 బైట్లు. దూరం కోసం లోరాని బాగా నెమ్మదిగా నడిపే సెట్టింగులో లోరావాన్ (లోరా మీద నడిచే నెట్‌వర్కు ప్రమాణం) వాళ్ళు మొత్తం మెసేజ్‌కే 51 బైట్లు హద్దు పెట్టారు, అంటే ఉత్తరం కంటే కవరు మీద స్టాంపు పెద్దది. నేను లోరావాన్ వాడట్లేదు కాబట్టి ఆ హద్దు నాకు లేదు, కానీ అన్ని బైట్లు ఆ స్పీడులో పంపితే రేడియో సెకన్ల తరబడి ఆన్‌లో ఉంటది, అవతల వినే ఎనిమిదీ అంతసేపు మేలుకునే ఉండాలి, బ్యాటరీ గోవిందా.

అప్పుడు గుర్తొచ్చింది హాష్ చెయిన్. కాలేజీలో ఎప్పుడో పరీక్షకి చదివి మర్చిపోయింది. 1981లో లాగిన్ పాస్‌వర్డుల మీద లెస్లీ లాంపోర్ట్ రాసిన చిన్న పేపర్ అది, అదే, పేపర్లు అచ్చుకి దిద్దే లేటెక్ సాఫ్ట్‌వేర్ చేసినాయన, కంప్యూటర్ల నోబెల్ అనే ట్యూరింగ్ అవార్డు 2013లో ఆయనకే. ఐడియా ఎంత చిన్నదంటే ఇంతేనా అనిపిస్తది. హాష్ అంటే ఒకవైపే నడిచే లెక్క, గిర్నీలో జొన్నలు పోస్తే పిండి వస్తది, పిండి పోస్తే జొన్నలు రావు. ఇప్పుడు ఒక రహస్య సంఖ్య తీసుకుని దాన్ని హాష్ చెయ్యి, వచ్చినదాన్ని మళ్ళీ హాష్ చెయ్యి, అట్లా వెయ్యిసార్లు. చివర వచ్చింది సర్వర్‌కి ఇచ్చెయ్. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు 999వది పంపు, సర్వర్ దాన్ని ఒక్కసారి హాష్ చేసి తన దగ్గరున్నదానితో సరిపోయిందా చూసుకుంటది, సరిపోతే ఇప్పుడు 999వది దాచుకుంటది. తర్వాతిసారి 998వది. మధ్యలో ఎవడన్నా విన్నా లాభం లేదు, వాడికి దొరికింది వాడేసిన పాస్‌వర్డు, తర్వాతిది కావాలంటే హాష్‌ని వెనక్కి తిప్పాలి. సర్వర్‌ని దోచుకున్నా అదే పరిస్థితి, అక్కడ రహస్యమే లేదు.

దీన్నే అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్‌కోర్ వాళ్ళు ఎస్‌/కీ అని చేశారు, దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే టెల్‌నెట్‌లో పాస్‌వర్డులు పచ్చిగా తీగ మీద పోయే కాలంలో. ఆర్‌ఎఫ్‌సీ 1760 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంగా 1995లో వచ్చింది. 64 బిట్ల పాస్‌వర్డు ఎవడు టైపు చేస్తాడని దానికి తప్పు పట్టడానికి ఇంకో 2 బిట్లు చెక్‌సమ్ కలిపి 66 చేసి, పదకొండేసి బిట్లకి ఒక పొట్టి ఇంగ్లీషు మాట చొప్పున 2048 మాటల జాబితాలోంచి ఆరు మాటలు ఇచ్చేవాళ్ళు. జనం ఆ జాబితా ప్రింటు తీసుకుని పర్సులో పెట్టుకుని, వాడినదాన్ని పెన్నుతో కొట్టేసుకుంటూ పోయేవాళ్ళంట. ఇప్పటి ఓటీపీలకి తాత అనుకోండి.

కానీ అది లాగిన్‌కి. నాకు కావాల్సింది మెసేజ్ మీద ముద్ర, అదీ ఎనిమిది మందికి ఒకేసారి. దానికి టెస్లా అనే పద్ధతి ఉంది. కారు కంపెనీ కాదు, దాని కంటే ముందే పుట్టింది ఇది, 2000లో. ఏడ్రియన్ పెరిగ్, రాన్ కనెట్టి, డగ్ టైగర్, డాన్ సాంగ్ అని నలుగురు. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4082 అయ్యింది. టెస్లా పుట్టిన మరుసటేడే, అంటే 2001లో, బర్క్‌లీ వాళ్ళు దీన్ని బక్కచిక్కించి చిన్న సెన్సార్లలో కూర్చారు, మైక్రో టెస్లా అని, 512 బైట్ల ర్యామ్ ఉన్న 8 బిట్ చిప్‌లో. మెగాబైట్లు కాదు, బైట్లే. అది చదివాక నా బోర్డుకి చాలదేమో అనే సాకు కూడా పోయింది.

టెస్లాలో మెలిక ఏంటంటే, సీక్రెట్ కీని మనమే అందరికీ చెప్పేస్తాం. కాకపోతే లేటుగా.

నా తోట లెక్కలోనే చెప్తా. టైంని నిమిషాలుగా కోశా, నిమిషానికో కీ. ముందు చిట్టచివరి కీని యాదృచ్ఛికంగా పుట్టించి, దాన్ని హాష్ చేస్తూ చేస్తూ వెనక్కి వచ్చి 0వ కీ దాకా గొలుసు కట్టా. 0వ కీని అన్ని డబ్బాల్లోనూ రాసి పెట్టా, అది రహస్యం కాదు, కావాలంటే ఈ పోస్టులో పెడతా. ఇప్పుడు 500వ నిమిషంలో "3వ వాల్వు తెరువు" అనాలి. పంపే డబ్బా 500వ కీతో ముద్ర వేసి పంపుద్ది, కీ మాత్రం చెప్పదు. వాల్వు డబ్బాకి మెసేజ్ అందుతది కానీ అది నిజమో కాదో అప్పటికి దానికి తెలీదు, పక్కన పెట్టుకుంటది. 502వ నిమిషంలో పంపే డబ్బా "500వ కీ ఇదిగో" అని గాల్లోకి అరుస్తది. వాల్వు డబ్బా ఆ కీని ఒకసారి హాష్ చేసి తన దగ్గరున్న 499వ కీ వచ్చిందా చూస్తది, వస్తే కీ అసలుదే, ఇక దాంతో పక్కన పెట్టిన మెసేజ్ ముద్ర సరిచూసి, కుదిరితే టక్కున తెరుస్తది.

ఇప్పుడు ఆరో డబ్బా పీక్కుపోయినోడి సంగతి చూడండి. వాడి దగ్గర పాత కీలన్నీ ఉన్నాయి, రేడియోలో వింటూ కొత్తవి కూడా పోగేసుకోవచ్చు. 502లో 500వ కీ వాడికీ వినబడుతది, దాంతో ఎంచక్కా ఒక దొంగ మెసేజ్ తయారు చెయ్యొచ్చు. కానీ అప్పటికే 502 అయిపోయింది. "ఇది 500వ కీతో వేసిన ముద్ర, ఆ కీ ఇప్పుడు ఊరందరికీ తెలుసు" అని వాల్వు డబ్బా దాన్ని ముట్టుకోకుండానే పారేస్తది.

ఇంకో సుఖం, మెసేజ్‌లు పోయినా ఫర్వాలేదు. లోరాలో ప్యాకెట్లు పోవడం మామూలే, చెట్ల మధ్య మరీను. 500వ కీ అందలేదు, 503వది అందింది అనుకోండి, దాన్ని మూడుసార్లు హాష్ చేస్తే 500వది వచ్చేస్తది. ఒక డబ్బా బ్యాటరీ అయిపోయి మూడ్రోజులు పడుకుని లేచినా 4320 హాష్‌లు చేసుకుంటే గాడిలో పడుద్ది, ఈ చిప్‌కి అది సెకను పని కూడా కాదు. ఇక్కడే ఒక చిన్న గుంట ఉంది, జాగ్రత్త. ఎవడన్నా "ఇది నాలుగు వందల కోట్లవ కీ" అని చెత్త పంపితే అమాయకంగా అన్ని హాష్‌లూ చేస్తా కూర్చుని బ్యాటరీ చంపుకుంటది. ముందు గడియారం చూసుకుని, ఇప్పటికి వచ్చే అవకాశమే లేని నంబరైతే హాష్ జోలికే పోకూడదు. నాది మొదట్లో పోయేది.

మొత్తం మెసేజ్ 32 బైట్లలో సరిపెట్టా. ఆజ్ఞకి 4, నిమిషం నంబరుకి 4, ముద్ర 8, బయటపెట్టే పాత కీ 16. హాష్‌కి షా-256 అనే పద్ధతి వాడి, వచ్చినదాన్ని సగానికి కోసేశా. ఒక్క విషయం, గొలుసులోని కీతోనే నేరుగా ముద్ర వెయ్యకూడదు, దాన్నుంచి వేరే రకంగా హాష్ చేసి ఇంకో కీ తీసి దాంతో వెయ్యాలి, ఒకే కీని రెండు పనులకి వాడొద్దని ఆర్‌ఎఫ్‌సీలోనే చెప్తారు.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. గొలుసుకి ఎన్ని కీలు పెట్టానో తెలుసా, పదివేలు. పదివేలంటే చాలా పెద్ద నంబరు అనిపించింది రాసేటప్పుడు. రోజుకి 1440 నిమిషాలు. పదివేలని దాంతో భాగిస్తే ఆరు రోజుల ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు. ముందు ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టా, సరిగ్గా ఈ ఆదివారం తెల్లారుజామున 4:40కి గొలుసు అయిపోయింది. ఐదింటికి మోటర్ లేచింది, వాల్వులు ఏ మెసేజ్‌నీ నమ్మలేదు, అన్నీ మూసుకుని ఉన్నాయి, నీళ్ళు ఎటు పోవాలో తెలీక జాయింటు ఊడదీసుకుని పోయాయి. హాష్ ఫంక్షన్ బలంగా ఉందా, ముద్ర ఎన్ని బిట్లు ఉండాలి అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నోడిని, గొలుసు పొడవు మాత్రం నోటికొచ్చింది పెట్టా.

సాయంత్రానికి 10,48,576 కీలు చేశా, నిమిషానికొకటి చొప్పున 728 రోజులు. అన్నీ దాచుకోవాలంటే 16 మెగాబైట్లు, నా బోర్డులో అంత చోటు లేదు. కానీ అన్నీ ఎందుకు, ప్రతి 1024వ కీ ఒకటి దాచుకుంటే 16 కిలోబైట్లు, మధ్యలోది కావాలంటే దాని పై మైలురాయి నుంచి హాష్ చేస్తూ దిగడమే, ఎంత కాదన్నా 1023 సార్లు. ఇంకా తక్కువ చోటుతో చేసే తెలివైన పద్ధతులు ఉన్నాయి, నాకు ఇది చాలు. గొలుసు అయిపోయే ముందు కొత్త గొలుసు 0వ కీని పాత గొలుసు ముద్రతోనే పంపే కోడ్ కూడా రాశా, అసలు మొదట్లోనే రాయాల్సింది.

మోటర్‌కి మాత్రం టెస్లా పెట్టలేదు. బంద్ చెయ్యమంటే రెండు నిమిషాలు ఆగి నిజమా కాదా చూసుకుంటా అంటే కుదరదు కదా, ఆ రెండు నిమిషాల్లో ఇంకో జాయింటు పోతది. అయినా స్టార్టర్ ఒక్కటే, దానికి విడిగా ఒక కీ, మామూలు హెచ్‌మ్యాక్, కౌంటర్, అయిపోయింది. పదిమంది వినే చోటే ఈ గొలుసు గొడవ, ఇద్దరి మధ్య మాటకి ఇంత హంగామా దండగ. ఎక్కడో చదివాం కదా అని అన్నిచోట్లా దూర్చే అలవాటు మన ఇంజనీర్లకి ఎక్కువ, నాతో కలిపి.

అసలు భయపెట్టింది గడియారం. పైన చెప్పిందంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది, "ఇప్పుడు టైమెంత" అనేది వాల్వు డబ్బాకి సుమారుగా తెలియాలి. మైక్రోసెకన్లు అక్కర్లేదు, కానీ రెండు నిమిషాలు తేడా రాకూడదు. నా డబ్బాలు బ్యాటరీ కోసం నిద్రపోతూ లేస్తూ ఉంటాయి, నిద్రలో చిప్ లోపలి చవక ఆసిలేటర్‌తో టైం లెక్కపెట్టుకుంటాయి, అది వేడికి చలికి ఇష్టమొచ్చినట్టు పోతది. మధ్యాహ్నం ఎండలో ఆ డబ్బా మీద చెయ్యి పెడితే కాలుద్ది, లోపల పరిస్థితి మీరే ఊహించుకోండి. ఒక రాత్రి అలా వదిలేసి పొద్దున నేనే దొంగనై, అప్పుడే బయటపడ్డ కీతో దొంగ మెసేజ్ చేసి పంపా. ఆరోది పోగా మిగిలిన ఏడు డబ్బాల్లో ఆరు పారేశాయి. ఐదోది ఒక్క క్షణం ఆగి "టక్" మంది, నీళ్ళొచ్చాయి. దాని గడియారం మూడు నిమిషాలు వెనకబడి ఉంది, పాపం దానికి అది ఇంకా ఇవాళ్టి పేపరే. ముందుకి పోయిన గడియారంతో వచ్చేది విసుగే, నిజం మెసేజ్‌ని కూడా పారేస్తది, అంతే. వెనకబడితేనే ముప్పు.

అందుకని ఒక్కోదాంట్లో డీఎస్3231 పెట్టా, వేడిని కొలుచుకుని తనని తాను సర్దుకునే గడియారం చిప్పు, మామూలు వాతావరణంలో ఏడాదికి ఒక నిమిషం తేడా వస్తే గొప్ప. పైగా వారానికోసారి ప్రతి డబ్బా షెడ్డు డబ్బాని టైం అడుగుతది, ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపి, దానికి జవాబు తన సొంత కీ ముద్రతో వస్తేనే నమ్ముతది. జవాబు దారిలో ఎంత ఆలస్యమైందో తెలీదు కాబట్టి, అడిగిన క్షణం నుంచి గడిచినదంతా కలుపుకుని "అవతల టైం ఇంతకంటే ముందుండదు" అనే పై హద్దు వేసుకుంటది. అనుమానం ఎటుండాలో అటే ఉంచుకోవడం అన్నమాట.

జీపీఎస్ మాడ్యూల్ పెడితే పోయేది కదా అని కూడా అనుకున్నా, చవకే. కానీ మామూలు జీపీఎస్ సిగ్నల్‌కి ఏ ముద్రా లేదు, దాని లెక్కలన్నీ బహిరంగం, వేలల్లో ఖర్చుపెడితే వచ్చే రేడియో బోర్డుతో దొంగ ఉపగ్రహం వేషం వెయ్యొచ్చు. 2025 నవంబర్‌లో ఢిల్లీలో జీపీఎస్ ఆధారంగా దిగుతున్న కొన్ని విమానాలకి ఈ స్పూఫింగ్ తగిలిందని డిసెంబర్‌లో పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది, మిగతా విమానాశ్రయాల నుంచీ ఫిర్యాదులొచ్చాయని ఇచ్చిన పేర్లలో మన హైదరాబాద్ కూడా ఉంది.

దీనికి యూరప్ వాళ్ళు జీపీఎస్ లాంటి తమ సొంత గెలీలియో ఉపగ్రహాల్లో పెట్టుకున్న మందు ఏంటో తెలుసా, ఇదే టెస్లా. ఓఎస్‌ఎన్‌ఎంఏ అంటారు, 2021లో ప్రయోగాత్మకంగా జనానికి తెరిచి 2025 జూలై 24న అధికారికంగా మొదలుపెట్టారు. ప్రతి 30 సెకన్లకి ఒక కీ, 128 బిట్లది, ఉపగ్రహం తన కక్ష్య వివరాల మీద 40 బిట్ల ముద్రలు వేసి తర్వాతి 30 సెకన్లలో కీ చెప్పేస్తది. గొలుసు మొదటి కీని మాత్రం మామూలు డిజిటల్ సంతకంతో పంపుతారు. 40 బిట్లే ఏంటి ఇంత తక్కువ అనుకున్నా మొదట, కానీ ఆ ముద్రకి ఆయుష్షే అరనిమిషం, తప్పు ఊహలు సరిచూసుకోవడానికి దొంగకి సమయమే దొరకదు. ఆకాశం నుంచి బిట్లు అంత పిసినారిగా వస్తాయి మరి, నా లోరా పేదరికం వాళ్ళకీ ఉంది.

నాకు నవ్వొచ్చింది ఇంకో చోట. టైం తెలుసుకోవడానికే కదా ఉపగ్రహాన్ని వినేది, కానీ దాని మాట నమ్మాలంటే మన దగ్గర ముందే ఇంకో గడియారం ఉండాలి, 30 సెకన్లకి మించి తేడా లేనిది. అంత మంచి గడియారం లేని వాళ్ళ కోసం కీని ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యంగా బయటపెట్టే నెమ్మది ముద్ర కూడా ఉంది, అక్కడ ఐదున్నర నిమిషాల దాకా తేడా ఉన్నా సర్దుకుంటది. అంటే వేల కోట్ల ఉపగ్రహాలకి కూడా చివరికి నా ఐదో డబ్బా సమస్యే.

ఇప్పుడు ఎనిమిదీ నడుస్తున్నాయి, ఆరో డబ్బా కొత్తది, ఈసారి రోడ్డు నుంచి లోపలికి జరిపా. గొలుసు అయిపోయే తారీఖు మళ్ళీ మర్చిపోతానని మార్కర్‌తో షెడ్డులో పెద్ద డబ్బా మూత మీద లావుగా రాసి వచ్చా. కొత్త గొలుసు దానంతటదే వెళ్ళాలి, కానీ నా కోడ్ మీద నాకున్న నమ్మకం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటది. మొన్న పక్క చేను ఆయన వచ్చి ఆ తారీఖు చూసి ఏందది అని అడిగితే, నాన్న "పురుగుమందు డబ్బా మీద ఉంటది కదా, అట్లనే, ఆ దినం దాటితే పని జేయదంట" అని చెప్పాడంట.